ఆరు వారాల అమానత్

గత వర్షాకాలంలో ఒక జుమా ఉదయం మా మదర్సా పిల్లలు అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చారు. మసీదు గోడ పక్కన ఎవరో వదిలి వెళ్ళారు. లోపల మూడు పిల్లికూనలు. కళ్ళు అప్పుడప్పుడే తెరుస్తున్నాయి. "మౌల్వీ సాబ్, అబూ హురైరా అంటే పిల్లికూన తండ్రి అని మీరే చెప్పారు కదా! వీటినేం చేద్దాం?" అని అడిగాడొక పిల్లవాడు.

జంతువుల ఆశ్రయ కేంద్రానికి ఫోన్ చేశాను. "మా దగ్గర చోటు లేదండీ. పైగా ఇంత పసివాటికి ఇక్కడి పెద్ద పిల్లుల జబ్బులు ఇట్టే అంటుకుంటాయి. ఆరు వారాలు మీ ఇంట్లో వుంచండి. తర్వాత పెంచుకునేవాళ్ళను మేం చూస్తాం" అన్నారు. అప్పటికే మేం గేదె పాలు పట్టేశాం. విరేచనాలు పట్టుకొని ఒక కూన మూడో రోజున చనిపోయింది. మాకు దయ వుంది, తెలివిడి లేదు. తప్పు మాదే.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, దాని తిండి అది వెతుక్కోనివ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసును మనం చిన్ననాటి నుంచీ వింటున్నాం. ఆమె చేతులారా చంపింది. పెట్టెలో పెట్టి మసీదు దగ్గర వదిలేవాడు, ఎవరో చూసుకుంటారులే అనుకుంటాడు. ఆ 'ఎవరో' మనమే కాకపోతే ఇంకెవరు?

పూర్వం కైరోలో సుల్తాన్ బైబర్స్ (మరణం 1277) పిల్లుల పోషణకు ఒక తోటను వక్ఫ్ చేశాడని ఎడ్వర్డ్ లేన్ 1836లో ప్రచురించిన పుస్తకంలో రాశాడు. మనకు తోటలు అక్కర్లేదు. ఇంట్లో ఒక మూల చాలు.

అయితే కూనలు కనబడగానే ఎత్తుకు రాకూడదు. తల్లి తిండికి వెళ్ళి వుండవచ్చు. అపాయం లేని చోటైతే దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. గూటి నుంచి పట్టుకొచ్చిన పిట్ట పిల్లలను తిరిగి తల్లికి ఇచ్చేయమని ప్రవక్త (స) ఆదేశించారు. తల్లి రాకపోతేనే మన బాధ్యత మొదలవుతుంది.

ఆవు పాలు, గేదె పాలు పట్టవద్దు. పిల్లికూనల పాలపొడి దుకాణాల్లో దొరుకుతుంది. పసికూనకు రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా పట్టాలి. వెల్లకిలా కాదు, బోర్లా పడుకోబెట్టి పట్టాలి. వెచ్చగా వుంచాలి. మూడు నాలుగు వారాల దాకా తడి దూదితో తుడిస్తేనే మూత్రం పోస్తాయి. కరిచినా, రక్కినా పావుగంట సబ్బు నీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. మలాన్ని గర్భిణులు ముట్టుకోకూడదు.

"ఇంట్లో పిల్లి తిరిగితే నమాజు ఎలా?" అంటారు కొందరు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీటి పాత్రను వంచి పిల్లికి తాగించారు. పిల్లి నజిస్ కాదు, మన చుట్టూ తిరిగే ప్రాణి అని ప్రవక్త (స) చెప్పినట్టు ఆయనే తెలిపారు. మలమూత్రాలు మాత్రం నజిసే. శుభ్రం చేసుకోవాలి.

ఎంతమంది ఇళ్ళు తెరిచినా ఏటా కూనలు పుడుతూనే వుంటాయి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. అందుకే పెంపుడు పిల్లికి ఆపరేషన్ చేయించడం కూడా దయే. ప్రయోజనం కోసం గానీ, హాని తప్పించడానికి గానీ మగపిల్లికి విత్తు తీయించవచ్చని ఫతావా ఆలంగీరీలో వుంది. ఆడపిల్లి విషయం మీ ఆలిమ్‌ను అడగండి.

మిగిలిన రెండూ బతికాయి. ఆరో వారంలో వాటిని అప్పగిస్తుంటే పిల్లలు ఏడ్చారు. అమానత్ అంటే ఇదే నాయనా అన్నాను. మనది కానిదాన్ని మనదానిలా చూసుకుని, గడువు రాగానే ఇచ్చేయడం. ఆ పాఠం నా కితాబుల కన్నా ఆ అట్టపెట్టే వాళ్ళకు బాగా నేర్పింది.