వయసు మీద పడిందని వదిలేస్తే

హోసూరు నుంచి రాయకోట వెళ్లే దారిలో ఉంది ఉద్దనపల్లి. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఉన్నా చాలా ఇళ్లలో వినిపించేది తెలుగే. పడుచువాళ్లు ఫ్యాక్టరీలకు వెళ్లిపోతే పగలంతా ఇంటిపట్టున ఉండేది ముసలివాళ్లు. అవ్వ మాత్ర వేసుకున్నదీ లేనిదీ మరిచిపోయినా, అన్నం తిన్న గంటకే తినలేదన్నా, వయసు మీద పడింది కదా అని ఊరుకుంటాం. అక్కడే ప్రాణం మీదికి వస్తోంది.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 60 ఏళ్లు దాటిన 3,957 మందిని 1990ల తొలినాళ్లలో పరీక్షించి, ఏళ్ల తరబడి గమనించారు. జ్ఞాపకం, ఆలోచన సరిగా ఉన్నవాళ్లలో సగం మంది 138 నెలలకు పైగా బతికారు. కాస్త మందగించినవాళ్లలో సగం మంది 106 నెలల్లో, బాగా దెబ్బతిన్నవాళ్లలో సగం మంది 63 నెలల్లో పోయారు. మిగతా జబ్బుల ప్రభావాన్ని మినహాయించి చూసినా ఈ తేడా చెరగలేదు.

మరపు నేరుగా ఊపిరి తీయదు. బీపీ మాత్ర మానిపిస్తుంది, షుగర్ మాత్ర రెండుసార్లు మింగిస్తుంది. రాత్రి తడబడి పడితే తుంటి విరుగుతుంది. జ్వరమొచ్చినా, మూత్రం మంటగా ఉన్నా నోరు తెరిచి చెప్పలేరు. ముదిరాక మింగడమే కష్టమై, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. అప్పుడు కూడా ఊళ్లో చెప్పుకునే కారణం ముసలితనమే. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మరపు వల్ల పోయినవాళ్లు లెక్కకెక్కేదెలా?

దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మరపు జబ్బు) ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా. పల్లెల్లో ఎక్కువ, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ.

ఉద్దనపల్లి వంటి ఊళ్లకు ఒక బలముంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి తేల్చింది: రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువురాని వాళ్లలోనూ ఈ ఆలస్యం కనిపించింది. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కన్నడం మాట్లాడే మనవాళ్లకు ఇది ఊరటే. కానీ పరీక్షకొచ్చేసరికి ఆ బలమే అడ్డం తిరగవచ్చు. పుట్టి పెరిగింది తెలుగులోనైతే, తమిళంలో అడిగిన ప్రశ్నకు తడుముకోవడం జబ్బు కాదు. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షలు తెలుగులోనూ కన్నడంలోనూ ఉన్నాయి. పక్కనే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం 2018 నుంచి పల్లెవాసులను ఏళ్ల తరబడి పరీక్షిస్తోంది. పల్లెలో ఇలాంటి పరీక్షలు కుదరవనే మాట ఇక చెల్లదు.

ఇంటింటికీ మందులు చేర్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని ముఖ్యమంత్రిగా స్టాలిన్ 2021 ఆగస్టు 5న ప్రారంభించింది ఈ కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగర్ మాత్రలు తెచ్చే ఆ కార్యకర్త గడప దగ్గర తెలుగులో నాలుగు మాటలు అడగాలి. నిన్న ఏం తిన్నారు, ఎవరొచ్చారు, కిందటిసారి ఇచ్చిన మాత్రలు ఎన్ని మిగిలాయి? అనుమానం వస్తే చెవి, చూపు, థైరాయిడ్, బీ12 చూపించాలి. వీటిలో కొన్ని సరిచేస్తే తేరుకునేవాళ్లుంటారు. మాత్రల లెక్క తప్పితే, ఇకపై వాటిని ఇంట్లో ఎవరి చేతికివ్వాలో ఆ రోజే తేల్చాలి.