పిల్లవాడికి మాత్ర ఇవ్వాలా, మానాలా?

"హకీం సాబ్, మా వాడు ఒక్కచోట కూర్చోడు. పుస్తకం పట్టిన నిముషంలో వదిలేస్తాడు. బెంగళూరు డాక్టర్ మాత్ర రాశాడు. అది అలవాటైపోతుందట కదా, బదులుగా మంచి ఖమీరా ఏదైనా చెప్పండి." రాబర్ట్‌సన్‌పేట, ముళబాగిలు, శ్రీనివాసపురం తల్లిదండ్రులు అడిగే మాట ఇది. యునానీ శీర్షిక కనుక ఖమీరా పేరు రాస్తానని మీరు ఎదురుచూడవచ్చు. రాయను.

ఎ.డి.హెచ్.డి. అనేది పెంపకం లోపం కాదు, నజర్ అసలే కాదు. చాలావరకు వంశంలో వచ్చేది. అలాగని అల్లరి పిల్లలందరికీ ఆ పేరు పెట్టకూడదు. లక్షణాలు 12 ఏళ్ళలోపే మొదలై, కనీసం ఆరు నెలలు ఉండి, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. ఒక్క బడిలోనే అయితే ముందు చెవి, కన్ను చూపించండి. మన కె.జి.ఎఫ్.లో ఇంట్లో ఉర్దూ, తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడమో ఇంగ్లీషో! పాఠం అర్థంకాక దిక్కులు చూసేవాడు రోగి కాడు.

నిద్ర సంగతి కూడా చూడండి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఈ ఊరి సంపాదన రైలెక్కింది. మారికుప్పం రైలుకు తెల్లవారకముందే వెళ్ళిన అబ్బా రాత్రికి గాని రాడు, ఆయన కోసం పిల్లలు మేలుకొని ఉంటారు. నిద్ర చాలని పెద్దవాళ్ళు తూగుతారు, పిల్లలు గెంతుతారు. నిద్ర, మెలకువ మన అస్బాబె సిత్తా జరూరియాలో ఒకటి. దాన్ని సరిచేయకుండా మందు అడగడం నాకు నచ్చదు.

ఇక మాత్ర. మిథైల్‌ఫెనిడేట్ నిన్న మొన్నటిది కాదు, 1944లో స్విట్జర్లాండ్‌లో తయారైంది. అమెరికాలో 579 మంది పిల్లలపై 14 నెలలు జరిగిన పరీక్ష ఫలితాలు 1999లో వచ్చాయి. జాగ్రత్తగా మందు ఇచ్చినవారిలో లక్షణాలు, ప్రవర్తన శిక్షణ మాత్రమే పొందినవారి కంటే ఎక్కువ తగ్గాయి. మూడేళ్ళకు మళ్ళీ చూస్తే ఆ తేడా మిగలలేదు. అయితే 14 నెలల తరువాత ఎవరి వైద్యం వారి ఇష్టానికి వదిలేశారు. మందు కావాలనేవారూ వద్దనేవారూ ఈ ఒక్క పరీక్షనే చూపించి వాదిస్తారు.

ఆరేళ్ళలోపు పిల్లలకు ముందు తల్లిదండ్రులకు శిక్షణ, తరువాతే మందు అని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. ముందు తద్బీర్, గిజా, ఆ తరువాత దవా అని మన తిబ్ చెప్పే వరుస కూడా అదే. ఆరు దాటి, జబ్బు నిర్ధారణై, చదువూ స్నేహాలూ చెడిపోతున్న బిడ్డకు మాత్రను హరామ్‌లా చూడడం మాత్రం అన్యాయం. ఆ మాత్రకు జరిగినంత పరీక్ష ఏ ఖమీరాకూ, ఇత్రీఫల్ ఉస్తుఖుద్దూస్‌కూ జరగలేదు. యునానీ వైద్యుడినై ఉండి ఇది రాయడం కొందరికి కోపం తెప్పించవచ్చు. మాత్ర విషం అనే ఇంట్లోనే అదే పిల్లవాడి వీపుమీద బెత్తం విరగడం విషం కాదా?

మాత్రతో ఆకలి తగ్గుతుంది, నిద్ర చెడవచ్చు, గుండె వేగం పెరుగుతుంది, ఎత్తు కొంచెం వెనుకపడవచ్చు. కాబట్టి ఉదయం కడుపునిండా నాష్తా పెట్టి తరువాత ఇవ్వండి. బరువు, ఎత్తు, బి.పి. చూపిస్తూ ఉండండి. రోజా ఉండే వయసు పిల్లలకు వేళలు ఎలాగో రంజాన్‌కు ముందే డాక్టరును అడగండి. మందు ఆపి చూడాలన్నా ఆయనతో చెప్పి ఆపాలి. దాదీ మాట విని దొంగచాటుగా కాదు.

మన ఇళ్ళలో నిజంగా ఆపవలసినది ఒకటుంది, సుర్మా. రాతి సుర్మాలో చాలాసార్లు ఉండేది సీసమే. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది, ధ్యాస తగ్గిస్తుంది. నెలల బిడ్డకు అది పెట్టి, పదేళ్ళకు తెలివికి మాజూన్ అడుగుతాం! లోహాలతో చేసే కుష్తాలు కూడా పిల్లలకు వద్దు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. అంతదూరం వెళ్ళేముందు 2022లో మొదలైన టెలి మానస్ 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఇంట్లో ఇస్తున్న ఖమీరా, మాజూన్, పొడులు అన్నీ సీసాలతో సహా తీసుకెళ్ళి చూపించండి.