రోహిణి వచ్చి వెళ్లిందట!

గోడమీది కాలెండర్లో మే 25వ తేదీ గడిని ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ‘రోహిణి కార్తె ప్రా.’ అని ఉంటుంది. దాని నెత్తిమీద మన సొంత పంచాంగం... ‘పాలు లీటరున్నర’, ‘గ్యాస్ బుక్ చేశాం’, ‘పనిమనిషి నాగా’. సాక్షాత్తూ సూర్యభగవానుడు రోహిణీ నక్షత్రంలో అడుగుపెట్టే ముహూర్తం మన ఇళ్లలో సరిగ్గా పనిమనిషి నాగా కిందికొస్తుందన్నమాట. ఇక ఆయన వచ్చినట్టు ఎవరు చూస్తారు!

ఒకప్పుడు రోహిణి వస్తోందంటే ఊరంతా సర్దుకునేది. రోళ్లు పగిలే కార్తె మరి. ఎండెక్కేలోపు పొలం పనులు ముగించాలి. తప్పనిసరై బయటికెళ్లేవాడి జేబులో ఉల్లిపాయ ఉండాలి. మట్టికుండ కింద ఇసుక తడపాలి. చినుకు పడితే కాయ పనికిరాదు కాబట్టి ఆవకాయ జాడీలకు అప్పటికే వాసెన కట్టేసి ఉండాలి. దీనికి ముందు కర్తరి ఒకటి. మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి, 11 నుంచి నిజ కర్తరి, 28 దాకా అదే వరస. ఆ రోజుల్లో ఇల్లు మొదలుపెట్టకూడదు, బావి తవ్వకూడదు. శాస్త్రం సంగతి శాస్త్రులుగారికి తెలుసుగానీ, మండుటెండలో ఇటుకలు మోయనక్కర్లేకుండా చేసిన ఆ పంచాంగకర్త ఎవరో తాపీమేస్త్రీలు వెతికి దండ వేయాల్సింది.

ఇప్పుడు రోళ్లు పగలాలంటే ముందు ఇంట్లో రోలుండాలి కదా! మిక్సీ పగలదు, మహా అయితే కాలిపోతుంది. ఉన్న రోళ్లు కూడా రోటిపచ్చడి హోటళ్ల ముందు బొమ్మల్లా కూర్చున్నాయి. కొన్నింటిలో మనీప్లాంటు పెరుగుతోంది. రోహిణి మాత్రం తన పంతం వదల్లేదు. రోళ్లు దొరక్కపోతే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌ని పేల్చి వెళుతోంది.

విచిత్రమేమిటంటే, మరిచిపోవడానికి వీల్లేని తేదీ ఇది. మన పండగలు తిథుల్నిబట్టి, అంటే చంద్రుణ్ని పట్టుకు తిరుగుతాయి. అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలో, ఒక ఏడు ఏప్రిల్లో. కార్తెలు సూర్యుడివి. ఏడాదిలో ఇరవై ఏడు నక్షత్రాలూ చుట్టిరావాలి కాబట్టి ఒక్కోదాంట్లో పదమూడు, పధ్నాలుగు రోజులు మకాం. రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22... ఏ సంవత్సరమైనా ఒకరోజు అటూ ఇటూ, అంతే. ఎప్పుడొస్తుందో తెలియని ఉగాదికి నెలముందే చీరలు కొంటాం. చెప్పిన తేదీకి ఠంచనుగా వచ్చే రోహిణి మొహం చూడం.

కారణం ఆలోచిస్తే... పాపం రోహిణికి స్పాన్సర్లు లేరు. అక్షయ తృతీయకి బంగారు కొట్లవాళ్లున్నారు, మనం మరిచిపోదామన్నా పోనివ్వరు. రోహిణికి సెలవు లేదు, డిస్కౌంటు లేదు, చేసుకు తినే పిండివంట లేదు. ఆ చివరిదే అసలు లోపం. పక్కనే ఉన్న మృగశిరను చూడండి. హైదరాబాదులో ఆ రోజు తెల్లారకముందే రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చి బారులు తీరతారు. కరోనావల్ల 2020 నుంచి మూడేళ్లు ఆగినా, 2023లో మొదలుపెట్టగానే జనం మళ్లీ వచ్చేశారు. చేప తిననివాళ్లకి ఇంగువ కలిపిన బెల్లం ఉండ ఉండనే ఉంది. వంటింట్లో పీట దొరికిన కార్తె బతికిపోయింది. రోహిణికి గుక్కెడు మజ్జిగే గతి!

అలాగని నగరవాసికి కార్తెలు లేవనుకోకండి. మార్చి నెలాఖరున ‘ఏసీ సర్వీసింగ్ కార్తె’ ప్రవేశిస్తుంది. వెంటనే ‘ట్యాంకర్ కార్తె’. ఇందులో అపార్ట్‌మెంట్ కార్యదర్శికి గ్రహచారం బాగుండదు. ఆ తరవాత ‘కరెంటు బిల్లు కార్తె’. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారనగా ‘ఫీజుల కార్తె’ వస్తుంది. దీని ధాటికి రోళ్లేం ఖర్మ, గుండెలే పగులుతాయి.

నవ్వుకోవచ్చుగానీ, రోహిణిని అలా తేలిగ్గా తీసిపారేసే ఎండలు కావివి. 2015 మే చివర్లో వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికిపైగా చనిపోయారు. ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. వృద్ధులు, కూలీలు. రోహిణి వచ్చిందని తెలియక పోలేదు వాళ్లు. తెలిసినా ఇంట్లో కూర్చునే వీల్లేని బతుకులు.

ఇంతకీ 2025లో రోహిణిని మనమే కాదు, వానదేవుడూ పట్టించుకోలేదు. నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తరవాత అంత తొందరగా రావడం అదే మొదలు. ఆ వారంలోనే మన దగ్గరికీ వచ్చేశాయి. రోళ్లు పగలాల్సిన కార్తెలో గొడుగులు విచ్చుకున్నాయి. ఆపైన మే 29 నుంచి రెండు వారాలకుపైగా రుతుపవనాలు ఉన్నచోటే కూర్చున్నాయి. రోహిణి తడిసింది, చినుకులు చిందించాల్సిన మృగశిర చాలాచోట్ల ఉక్కపోసింది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. సూర్యుడి నక్షత్ర ప్రవేశం రుతువులతో పోలిస్తే సుమారు 72 ఏళ్లకు ఒకరోజు చొప్పున వెనకబడుతోంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తూలడంవల్ల వచ్చే తేడా ఇది. వెయ్యేళ్లకు దగ్గరదగ్గర ఒక కార్తె. అంటే 11వ శతాబ్దంలో నన్నయ్యగారు రాజమహేంద్రవరంలో కూర్చుని భారతం తెనిగిస్తున్నప్పుడు, మనం ఇవాళ రోహిణి అంటున్న రోజుల్లో ఆయనకు మృగశిర నడుస్తూ ఉండేది. ఆ లెక్కన 2025 వానలు తొందరపడలేదు, నన్నయ్యగారి కాలెండరు చూసుకుని వచ్చాయంతే!

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో ఈ మాటంటే నవ్వలేదు. ఆయనది పాలమూరు. ఊళ్లో రెండెకరాల చెలక తమ్ముడు చూసుకుంటాడు. మే నెలాఖరు వానలకు మురిసిపోయి తమ్ముడు పత్తి విత్తనాలు పెట్టేశాడు. ప్యాకెట్ తొమ్మిది వందల చిల్లర. తరవాత చినుకు లేదు. సగం మొలవలేదు, మొలిచినవి మాడిపోయాయి. ‘‘మిరుగం దాటనీరా, జర ఆగు అని ఫోన్ల మొత్తుకున్న సార్. ఇన్నడా!’’ అన్నాడు. మళ్లీ విత్తడానికి ఆ నెల జీతంలోంచి పంపాడు. మొత్తం అరవై ఫ్లాట్ల మా భవనంలో ఆ ఏడు రోహిణి ఎప్పుడు పోయిందో, మిరుగం ఎప్పుడొచ్చిందో వేళ్లమీద లెక్కపెట్టింది గేటు దగ్గరి ఆ ఒక్క కుర్చీనే.

అంత దిగుల్లోనూ మిరుగంనాడు వాళ్లావిడ ఇంగువ బెల్లం ఉండలు చేసింది. కింద ఆడుకుంటున్న పిల్లలందరి చేతుల్లో తలా ఒకటి పెట్టాడాయన. సాయంత్రానికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కలకలం. ‘ఎవరో పిల్లలకు బెల్లంలో ఏదో ఘాటు మందు కలిపి పెడుతున్నారు. కార్యదర్శిగారు సీసీ కెమెరాలు చూడగలరు’. కింద పదకొండు ఆశ్చర్యార్థకాలు, మూడు దణ్ణాల బొమ్మలు. చివరికి నాలుగో అంతస్తు మామ్మగారు నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టారు. మూడున్నర నిమిషాలు మన పెంపకాల గురించి. మిగిలిన అర నిమిషం వాచ్‌మన్‌కి... ‘‘బాబూ, మీ ఆవిణ్ని నాకూ ఓ రెండుండలు పంపమను. పళ్లు లేవు, కాస్త మెత్తగా చేయమను!’’