ఆరంభశూరత్వము

ఆంధ్రులు ఆరంభశూరులని యొక యపవాదము చిరకాలముగ వినవచ్చుచున్నది. మనమును దాని నంగీకరించి తల వంచుకొనుచున్నాము. కాని యారంభించుటయందు దోషమేమి? మన పరిశ్రమలకు పట్టిన జాడ్యము వేఱు. ఒకసారి యారంభించి, నాలుగు రూకలు గడించి, కుదుటపడిన పిమ్మట మరల నారంభింపకుండుటయే యా జాడ్యము.

ఔషధ పరిశ్రమనే తీసికొందము. 1970 నాటి పేటెంటు చట్టము 1972లో నమలునకు వచ్చెను. అది మందునకు గాక, మందును చేయు విధానమునకు మాత్రమే హక్కు నొసగెను. పరదేశమున కనిపెట్టబడిన మందును వేఱొక విధానమున నిచ్చట చౌకగా తయారుచేయుటకు త్రోవ యేర్పడినది. తాడేపల్లి పసుపు రైతు బిడ్డడగు డాక్టరు కల్లం అంజిరెడ్డి హైదరాబాదున ప్రభుత్వపు ఐ.డి.పి.ఎల్. కర్మాగారమున పనిచేసి, యుద్యోగము వీడి, ఇతరులతో గలసి కొంతకాలము వ్యాపారము నడపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీసును స్థాపించెను. ఈ సాహసము సుప్రసిద్ధము.

అంతకంటె గొప్పదగు సాహసము తరువాత జరిగినది. సంస్థ నిలదొక్కుకొనెను, ఎఱిగిన మందులు చేయుటయందే లాభము వచ్చుచుండెను. మందునకే పేటెంటు నిచ్చు విధి 2005లో గాని మరల రాలేదు. అయినను ఆయన 1993లోనే క్రొత్త మందులను స్వయముగ కనిపెట్టుటకై పరిశోధన సంస్థను నెలకొల్పెను. 1997లో బాలగ్లిటజోన్ అను మధుమేహపు మందునకు డెన్మార్కు దేశపు నోవో నార్డిస్క్ కంపెనీ లైసెన్సు పొందెను.

ఆ మందు విపణికి రాలేదు. దాని వెనుక వచ్చిన రాగగ్లిటజార్ పరీక్షలు, ప్రయోగజంతువులలో కణుతులు కానవచ్చుటచే 2002లో నిలుపబడెను. తాము కనిపెట్టిన క్రొత్త మందు రోగి చేతి కందుట చూడకయే అంజిరెడ్డి 2013లో గతించెను. ఇది వ్యర్థప్రయాసమని కొందఱందురు. మేమట్లనము. కీడు కానవచ్చినప్పుడు నిలుపుట ధర్మము. ఆ యత్నమున నక్కరకు వచ్చిన విద్య దేశమున నిలిచియున్నది.

క్రొత్తగా దుకాణము తెఱచువానికి పోగొట్టుకొనుటకు కొద్దియే యుండును. స్థిరపడిన సంస్థకో పేరున్నది, వాటాదారులున్నారు, జీతగాండ్రున్నారు. కనుక నచ్చట భయ మెక్కువ. క్రింది యుద్యోగి యొక క్రొత్త యూహతో వచ్చినచో “ఈ యేటి లాభమెంత?” యని మొదటనే యడుగుదురు. టెంక నాటిన యేడే మామిడికాయలు కోయగోరినట్లున్నది!

పారిశ్రామికులకు మా మనవి యిది. లాభములో నొక భాగమును విడిగా నుంచి, దాని లెక్కను నిత్యవ్యాపారపు లెక్కతో కలుపకుడు. ఎంత వెచ్చింతురో, ఏ గుర్తు కానవచ్చిన నాపుదురో ముందే నిశ్చయించుకొనుడు. శ్రద్ధతో యత్నించి యోడినవానిని, అశ్రద్ధచే పని చెఱచినవానిని ఒక్క గాటను కట్టకుడు. మొదటివానికి మఱియొక పని యప్పగింపుడు. ఇది చేయని సంస్థను విడిచి సాహసికులు వెడలిపోదురు. మిగిలినవారు పాత లాభమును కాచుకొని కూర్చుందురు.

ఆరంభశూరులని మనలను లోకము నిందించిన నిందించుగాక. కుదుటపడిన పిదపను ఆరంభించు శూరులు మనలో పదుగురు బయలుదేరినచో, ఆ నిందయే మనకు బిరుదము కాగలదు.