మందొక్కటి చాలునా?

మన సంఘమునకు రోగముకంటె రోగిని జూచి భయపడు నలవాటు చిరకాలమునుండి కలదు. కుష్ఠురోగమునకు మూలమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873వ సంవత్సరముననే కనిపెట్టెను. తగిన మందులతో ఆ రోగము పూర్తిగా కుదురునని దశాబ్దములుగా వైద్యులు చెప్పుచునే యున్నారు. అయినను, కుష్ఠును విడాకులకు కారణముగ నంగీకరించు నిబంధన మన వివాహశాసనములనుండి తొలగుటకు 2019వ సంవత్సరము రావలసివచ్చెను. శాస్త్రము ముందు నడచును. సంఘమునకు దయ పుట్టుటకు తరములు పట్టును. ఆ నడుమ నలిగిపోయినవారి లెక్క యెవ్వరును వ్రాయరు. నేడు హెచ్.ఐ.వి. సోకినవారి విషయమున మనమా తప్పునే తిరిగి చేయుచున్నాము.

ఈ వ్యాధి మన దేశమున నున్నట్లు మొట్టమొదట 1986లో మద్రాసునందు తెలియవచ్చెను. ఆ దినములలో దీనికి మందు లేదు. 2004 ఏప్రిల్ 1వ తేదినుండి ప్రభుత్వము ఉచితముగ మందులిచ్చుట మొదలుపెట్టినది. 2017నుండి వ్యాధి సోకినట్లు తెలిసిన ప్రతివారికిని, శరీరము క్షీణించువఱకు వేచియుండక, వెంటనే చికిత్స నారంభించుచున్నారు. నియమముగ మందు పుచ్చుకొనుచు, రక్తములోని వైరసు పరీక్షకు చిక్కనంత తగ్గి, అట్లే నిలిచినవారి నుండి దాంపత్యసంబంధమువలన నది యితరులకు సోకదని 2016లోను, 2019లోను ప్రకటితములైన పెద్ద పరిశోధనలు రుజువు చేసినవి. అనగా నేటి రోగి చావునకు సిద్ధమగు రోగి కాడు. బ్రతుకునకు సిద్ధపడవలసిన రోగి. దేశమున నిట్టివారు ఇంచుమించు 25 లక్షలమంది. ఆంధ్రప్రదేశమున నీ వ్యాధి వ్యాప్తి జాతీయపు సగటునకు రమారమి మూడు రెట్లుండును. కావున నిది ఎవరి యింటి గొడవయో కాదు. మన వీథిలోని విషయము, మన బంధువర్గములోని విషయము.

ఇంతవఱకు దేహమునకు జరిగిన యుపకారము. మనస్సు మాటయేమి? వృద్ధస్త్రీని సగము స్వీకరించి సగము విడిచిపెట్టుటను మన తార్కికులు అర్ధజరతీయమని పరిహసించిరి. రోగి రక్తమును పరీక్షించి, అతని దిగులును విడిచిపెట్టు మన పద్ధతి యట్టిదే. హెచ్.ఐ.వి. గలవారిలో నిస్పృహ ఇతరులకంటె నెక్కువగ కానవచ్చునని వైద్యులెఱుగుదురు. నిస్పృహలో నున్నవాడు మాత్ర మఱచును, లేదా తెలిసియే మానును. మాత్ర మానిన వైరసు తిరిగి విజృంభించును. మానుచు పట్టుచునుండిన, ఆ మందునకు లొంగని వైరసు తయారగును. కావున మనస్సునకు చేయు చికిత్స దేహచికిత్సకు అలంకారము కాదు. దానిలో నొక భాగమే. మందులలోను మనస్సును తాకునవి కలవు. మన దేశమున చాలయేండ్లు వాడుకలోనున్న ఎఫావిరెంజ్ అను మందు కొందఱికి పీడకలలను, తలతిరుగుటను, దిగులును కలిగించుచుండెను. 2020 తరువాత చాలమందికి దానికి మాఱుగ డోల్యుటెగ్రవిర్ వచ్చినది. కాని ఆ యేండ్లన్నిట ఎందఱు తమ రాత్రులు మందువలన చెడుచున్నవని తెలియక, తమకు మతి చలించుచున్నదని యనుకొనిరో!

“చికిత్సాకేంద్రములలో కౌన్సెలర్లు కలరు గదా, ఇంకేమి కావలెను?” అని కొందఱందురు. కలరు; వారిలో సహృదయులనేకులు. కాని వరుసలో నిలువబడిన జనమధికము, ఒక్కొక్కరికి దొరకు నిమిషములు స్వల్పము. దుఃఖము కేంద్రము తెఱచు వేళను జూచుకొని రాదు. అది రాత్రి రెండుగంటలకు, ఇంటివారందఱు నిద్రించిన తరువాత వచ్చును. పోనిండు, మానసికవైద్యునియొద్దకు పోవలెనన్న, ఒక నిందకు తోడు మఱియొక నింద. ఇట్టివారికి టెలిఫోను, ఇంటర్నెట్టు నిజమైన యాసరాలగుచున్నవి. ఎయిడ్సు విషయమున 1097 సంఖ్య కలదు. మనోవేదన విషయమున 2022 అక్టోబరు 10వ తేదిని ఆరంభమైన టెలీ మానస్ కలదు. 14416కు రాత్రియనక పగలనక తెలుగులోనే మాటాడవచ్చును, రుసుము లేదు. వీనికితోడు వ్యాధి గలవారే యొకరికొకరు ధైర్యము చెప్పుకొను కూటములు ఫోనులలో వెలసినవి. ఇరువదియేండ్లుగా మందు పుచ్చుకొని మనుమలనెత్తుకొన్న స్త్రీ, నిన్న పరీక్షలో తెలిసిన యువతితో “నేనున్నాను గదమ్మా” అన్న మాటకు ఏ పుస్తకమును సాటిరాదు.

“ముఖమెఱుగనివారితో గుట్టు చెప్పుకొనుట యేమి మర్యాద?” అని పెద్దలాక్షేపింతురు. నేనడుగుచున్నాను: ముఖమెఱిగినవారు చేసినదేమి? నేనెఱిగిన యొక పాఠశాలలో, ఒక బాలుని తల్లి ఆ మందులు వాడుచున్నదని గుసగుస పుట్టినది. మఱునాటినుండి వాని బల్లమీద మఱియొకడు కూర్చుండలేదు. నలుగురు తండ్రులు వచ్చి వాని పేరు కొట్టివేయుమని ప్రధానోపాధ్యాయుని నడిగిరి. వారిలో నిద్దఱు పట్టభద్రులు. బాలునికి వ్యాధి కలదో లేదో వారికి తెలియదు. తెలిసికొనవలెనను కోరికయు లేదు. వేసవి సెలవులలో ఆ కుటుంబమే యూరు విడిచిపోయినది. 2018 సెప్టెంబరు 10వ తేదినుండి అమలులోనున్న హెచ్.ఐ.వి. శాసనము విద్యలో, ఉద్యోగములో, వైద్యములో, అద్దెయింటిలో వివక్ష కూడదని స్పష్టముగ చెప్పుచున్నది. ఆ నలుగురు చదువుకొన్నవారే గాని, ఆ శాసనమును చదువలేదు. ఇక ఆ తల్లి తన గోడు ఏ పొరుగమ్మతో చెప్పుకొనవలయును? ఎఱిగిన తలుపులన్నియు మూసి, ఎఱుగని కిటికీవైపు చూచినదని యామెను నిందించుట న్యాయమా?

మఱికొందఱు “చేసికొన్నవారికి చేసికొన్నంత” అని చేతులు దులుపుకొందురు. పెండ్లినాటివఱకు పుట్టిల్లు దాటి యెఱుగని యిల్లాలు భర్తవలన వ్యాధి తెచ్చుకొని, అతడు పోయినపిమ్మట “మగని మ్రింగినది” అను పేరుకూడ తెచ్చుకొనుచున్నది. ఆమె చేసికొన్నదేమి? తల్లిగర్భమున సోకిన శిశువు చేసికొన్నదేమి? ఒకవేళ తన నడవడివలననే సోకినదనుకొందము. మితిమీరి తిని మధుమేహము తెచ్చుకొన్నవానికి మనము కషాయమిత్తుము, పథ్యమిత్తుము, ప్రక్కన కూర్చుండి పలుకరింతుము. పాపపుణ్యముల చిట్టా ఒక్క రోగమునకే యేల తెఱతుము? రోగముమీద తీర్పు చెప్పుట వైద్యమును కాదు, ధర్మమును కాదు.

అట్లని ఫోనున నున్నదెల్ల మేలని నేననను. అందును అపాయములు కలవు. ఇంటికొక్క ఫోనున్నచోట స్త్రీకి వచ్చిన సందేశమును మొదట చదువునది ఆమె కాదు, ఆమె మఱదియో కుమారుడో. వాట్సాప్ కూటమున చేరినవారి సంఖ్యలు తక్కినవారందఱికిని కనబడును. కూటమునకు పెట్టిన పేరొక్కటి చాలు, తెఱమీద మెఱసి గుట్టు రట్టుచేయుటకు. చూర్ణముతో, మంత్రముతో వ్యాధిని సమూలముగ పోగొట్టెదమను మోసగాండ్రు ఇట్టి కూటములనే వెదకికొనివత్తురు. వారి మాట నమ్మి మాత్ర మానినవారు ప్రాణముతో వెల చెల్లింతురు. యంత్రమే మనుష్యునివలె బదులుచెప్పు కాలమును వచ్చినది. పొద్దుపోని వేళ దానితో మాటాడుట యొకటి; “నాకు బ్రతుకవలెనని లేదు” అన్నవారిని దానికప్పగించుట వేఱొకటి. ఆ మాట విన్న క్షణముననే తరిబీతు పొందిన మనుష్యుడొకడు అందుకొనవలెను.

కావున కోరవలసినదిది. 1097లో మాటాడువారికి మనోవేదన గుఱించియు, 14416లో మాటాడువారికి హెచ్.ఐ.వి. గుఱించియు చక్కని తరిబీతు నిచ్చి, ఈ రెంటిని ఒకదానికొకటి ముడివేయవలెను. రోగి తన కథను రెండుచోట్ల మొదటినుండి చెప్పుకొను దుఃస్థితి యుండరాదు. వ్యాధి గలవారే తోటివారికి ధైర్యము చెప్పుచున్నప్పుడు దానిని ఊరక చేయించుకొనక, ఉద్యోగముగ గుర్తించి జీతమీయవలెను. పేరడుగక, ఊరడుగక మాటాడు నేర్పాటుండవలెను. మనోవ్యాధిని శరీరవ్యాధితో సమానముగ చూడవలెనని 2017లో మన పార్లమెంటే నిర్ణయించినది. ఆ సమానత్వము ఏ.ఆర్.టి. కేంద్రపు గుమ్మము దాటి లోపలికి రావలెను. ఫోనున్నది గదాయని కేంద్రములలోని కౌన్సెలరు కొలువును తీసివేయు ఆలోచన యెవ్వరు చేసినను దానిని గట్టిగ నెదిరింపవలెను.

ఇవి ప్రభుత్వమునకు. ఈ పత్రిక చదువు గృహస్థులకు వేఱు పని కలదు. దానికి ఖర్చు లేదు. ఇంటిలోని స్త్రీ ఫోనును ఆమె యనుమతి లేక విప్పకుడు. ఎవరి మందుడబ్బామీదను కన్ను వేయకుడు. ఒకని వ్యాధి మీ చెవిని పడిన, అది మీయొద్దనే యాగిపోవలెను. మీ బిడ్డల బడిలో రేపిట్టి గుసగుస పుట్టినప్పుడు, పేరు కొట్టివేయుమనువారి నడుమనుండి లేచి, “ఆ పిల్లవాడు మావాని ప్రక్కన కూర్చుండును” అని చెప్పుడు. అట్లు చెప్పువారు వీథికొక్కరున్నను, రాత్రి రెండుగంటలకు ఎఱుగని కంఠముకొఱకు వెదకువారి సంఖ్య తగ్గును.