గిరిగారు ఓడిన దావా

వరాహగిరి వేంకటగిరిగారిని తలచినప్పుడెల్ల మనవారు రాష్ట్రపతి పదవితో ప్రారంభించి దానితోనే ముగించుట పరిపాటి. విద్యార్థులు, విశేషించి న్యాయశాస్త్రం చదువగోరువారు, ఆయన ఓడిన ఒక దావాను పరిశీలింపవలెనని నా అభిప్రాయం.

1894లో బరంపురంలో జన్మించిన గిరిగారు మనకు పరాయివారు కారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడువరకు మన భావనపాడు, ఆ బరంపురం ఒకే గంజాం జిల్లాలోనివి. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు. గిరిగారు 1913లో డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు. ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంతో చెలిమి కారణంగా 1916లో ఆ దేశం విడువవలసి వచ్చింది. బరంపురంలో సాగించిన వకీలు వృత్తిని సహాయ నిరాకరణోద్యమ కాలంలో వదులుకొన్నారు. 1937లో బొబ్బిలి రాజాగారినే ఎన్నికలో ఓడించారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు అనుకూలమైన తీర్పును ప్రభుత్వం మార్చగా 1954లో ఆ పదవిని త్యజించారు. ఇంతవరకు అంతయు ప్రశంసయే.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడింది. ఓట్లు లెక్కింపగా రెండు స్థానాలూ గిరిజనులైన బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొరగార్లకే దక్కినవి. గిరిగారు కోర్టుకెక్కారు. ప్రత్యేక స్థానానికి నిలిచినవాడు సాధారణ స్థానం పొందరాదని ఒక వాదన. సూరిదొర క్షత్రియుడైనాడు గనుక గిరిజనుడే కాడని మరొక వాదన. దావా సాగుచుండగానే గిరిగారు ఉత్తరప్రదేశ్ గవర్నరు కూడ అయ్యారు! 1959లో సుప్రీంకోర్టు సూరిదొరగారి ఎన్నికనే ఖాయపరచింది.

ఆ తీర్పు ధర్మమైనదని నా నమ్మకం. ప్రత్యేక స్థానం వెనుకబడినవానికి వేసిన పీట. వాని చుట్టూ గీసిన గిరి కారాదు. అల్పసంఖ్యాకుల కళాశాలలో చదువుచున్న మనకు ఇది దూరపు సంగతియా? తన మార్కులతోనే సీటు తెచ్చుకొన్న కుర్రవానిని “నీ వాటా అయిపోయినది, పొమ్ము” అనుట ఏ న్యాయం?

చట్టం అస్పష్టముగా నున్నప్పుడు కోర్టును ఆశ్రయించుట వకీలు నైజం. అందుకు గిరిగారిని నిందింపను. కాని జీవితమంతా కార్మికుల పక్షాన నిలిచిన వ్యక్తి తరఫున ఆ రెండవ వాదన వినబడుటే నాకు బాధ కలిగించును.

ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో పార్లమెంటు రద్దు చేసింది. తొమ్మిదేండ్ల తరువాత, రాష్ట్రపతిగా తన ఎన్నికపై వచ్చిన దావాలో గిరిగారు పదవిలో ఉండియే సుప్రీంకోర్టుకు స్వయంగా వెళ్ళి సాక్ష్యమిచ్చారు. ఈసారి నెగ్గారు.