పులి కొత్తవాడికి ఇవ్వండి

వాల్కిరీ బలం తగ్గించాలంట! నెట్‌హ్యాక్ ఆడే మిత్రుడొకడు మొన్న ఫోన్లో గంటసేపు ఇదే పాట పాడాడు. "ఆమెతో గెలిస్తే అదొక గెలుపా అన్నా? సగం ఆట ఆమే ఆడిపెడుతుంది. టూరిస్టుతో ఆడి చూడు, ఆట అంటే ఏందో తెలుస్తుంది. ఈ రెండిటికీ మధ్య బ్యాలెన్సే లేదు, ఎవరో ఒకరు సరిచేయాల." వీడు వాల్కిరీతో నాలుగుసార్లు గెలిచాడు. మొదటిసారి గెలిచిన రోజు రాత్రి రెండు గంటలకు నాకు ఫోన్ చేశాడు. గొంతు వణికి మాట కూడా సరిగా రాలేదు. ఆ రాత్రి మాత్రం బ్యాలెన్స్ మాట ఎత్తలేదు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నా.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో యూనివర్సిటీ విద్యార్థులు 'రోగ్' అని ఒక ఆట రాశారు. ఆ బాటలో వచ్చినవాటిని రోగ్‌లైక్‌లు అంటారు. 1987లో మొదటిసారి విడుదలైన నెట్‌హ్యాక్ వాటిలో పెద్దముత్తైదువ. బొమ్మలుండవు, తెర నిండా అక్షరాలే. మీరు ఈమెయిల్ అడ్రసులో కనిపించే చుట్ట గుర్తు. చిన్న 'డి' అంటే కుక్క, పెద్ద 'డి' అంటే డ్రాగన్. పాతాళంలోకి యాభై దాకా అంతస్తులు దిగి, ఒక తాయెత్తు సంపాదించి, మళ్ళీ పైదాకా ఎక్కి దాన్ని మీ దేవుడికి సమర్పించాలి. ప్రతి ఆటకూ పాతాళం కొత్తగా పుడుతుంది. చస్తే చచ్చినట్టే. దాచుకున్న ఆటను తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది కాబట్టి వెనక్కి పోయి దిద్దుకోవడం కుదరదు.

వేషాలు పదమూడు. వాల్కిరీ మంచి కత్తి, డాలు పట్టుకుని, చలికి బెదరని ఒంటితో మొదలుపెడుతుంది. టూరిస్టు చేతిలో ఖరీదైన కెమెరా, ఒంటిమీద హవాయి చొక్కా, జేబునిండా డబ్బు ఉంటాయి. ఆ చొక్కా చూసి అంగడివాళ్ళు వాడికి ప్రతి వస్తువుకూ మూడోవంతు ఎక్కువ చెబుతారు. ఏ ఊరి సంతలోనైనా కొత్తమొహం వేసుకుని తిరిగినవాడికి ఇది వివరించక్కర్లేదు.

నేను మొదట నేర్చుకున్న ఆట ఇది కాదు. పులి-మేక. మా దేవనకొండలో గుడి అరుగు బండ మీద గీతలు చెక్కి ఉండేవి, ఎవరు చెక్కారో ఎవరికీ తెలీదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తింటుంది. మేకలు గుంపు కట్టి పులిని కదలకుండా చేయాలి. రెండు పక్కలకీ బలం ఒకటి కాదు, పని ఒకటి కాదు, గెలవడమంటే అర్థం కూడా ఒకటి కాదు. పులి ఆడటం సులువు. ఖాళీ కనబడితే దూకడమే. మేకలు పట్టినవాడు నాలుగెత్తులు ముందు చూడాల. ఒక్క మేకను తప్పు చోట పెడితే వరసగా మూడు పోతాయి.

మా తాత నాకు ఎప్పుడూ పులులే ఇచ్చేవాడు. "నువ్వు పులి పట్రా, నేను మేకలు కాస్తా" అనేవాడు. ఆరేళ్ళ పిల్లోడు, అరవై దాటిన మనిషి ఒకే బండ దగ్గర కూచొని, ఇద్దరూ నిజంగా గెలవాలనే ఆడగలిగారంటే ఆ ఆటలో సమానం లేకపోబట్టే. ఆయన కావాలని ఓడిపోయే పని లేదు. నేను ఆయన జాలి మీద గెలిచే పని లేదు. నాకు పదేళ్ళొచ్చాక ఒకరోజు "ఇంక మేకలు నువ్వు పట్టు" అన్నాడు. టెన్త్ పాసైనప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు. ఆ ఏడాదంతా ఓడిపోతూనే ఉన్నా, అది వేరే విషయం.

నెట్‌హ్యాక్‌లో వాల్కిరీ పులి, టూరిస్టు మేక. ఈ ఆటలో సులువు, మధ్యస్తం, కష్టం అని ఎంచుకునే మెనూ ఉండదు. వేషమే ఆ మెనూ. పదమూడు వేషాలనూ ఒకే తూకానికి తెచ్చిపెడితే ఇంక మిగిలేది ఒకే ఒక్క కష్టం. అది ఎవరికి సరిపోయే కష్టం? నాలుగుసార్లు గెలిచి విసుగెత్తినవాడికి. అదే నా కోపం. బ్యాలెన్స్ గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళు దాదాపుగా అందరూ గెలిచినవాళ్ళే. రెండో అంతస్తులో చచ్చినవాడికి బ్యాలెన్స్ మీద అభిప్రాయం ఉండదు. వాడు కంప్యూటర్ కట్టేసి అన్నానికి లేస్తాడు, మళ్ళీ రాడు. వాడి అభిప్రాయం ఎవరూ రాసుకోరు.

ఊరికే నోటిమాటగా అనడం లేదు, జరిగిందే చెబుతా. నెట్‌హ్యాక్ 3.4.3 వచ్చింది 2003 డిసెంబరులో. ఆ తర్వాతి అధికారిక విడుదల 3.6.0 వచ్చింది 2015 డిసెంబరులో. పన్నెండేళ్ళు ఆట కదలకుండా ఉంది. ఆ పన్నెండేళ్ళూ కొత్తవాడికి ఉన్న ఒకే గొడుగు ఒక మాట: ఎల్బెరెత్. టోల్కీన్ రాతల్లోంచి తెచ్చిన పేరది. నేల మీద దుమ్ములో వేలితో ఆ పేరు రాసి దానిమీద నిలబడితే చాలా జంతువులు మీ దగ్గరికి రావు. మనుషులకూ, మినోటార్‌లకూ అది పట్టదు, మిగతావాటిలో ఎక్కువభాగం జంకుతాయి. ప్రాణం నాలుగు పాయింట్లు మిగిలి, వెనక సైనిక చీమలు తరుముకొస్తుంటే (ఈ ఆటలో డ్రాగన్‌ల కంటే చీమలే ఎక్కువమందిని భయపెట్టి ఉంటాయి) కొత్తవాడికి ఉన్నవి రెండే దార్లు, దేవుడికి మొక్కడం, దుమ్ములో రాయడం. మొక్కు ఒకసారి పనిచేస్తే మళ్ళీ దాదాపు వెయ్యి టర్న్‌లు ఆగాలి. తొందరపడి మొక్కితే దేవుడికే కోపమొస్తుంది. అందుకని దుమ్ము.

ఇదే మాటను ఆరితేరినవాళ్ళు కోటగా మార్చుకున్నారు. దానిమీద నిలబడి బాకులు విసురుతూ, ఎదుటి జంతువు దగ్గరికి రాలేక చస్తుంటే ఏరుకోవడం. మంత్రదండంతో నేలమీద కాల్చి రాస్తే ఆ రాత చెరగదు కూడా. ఆ పద్ధతి ఆటను చప్పగా చేసిందంటే ఒప్పుకుంటా. నేనూ చేశాను, చప్పగానే ఉండింది. దానికి 3.6.0లో చేసిన వైద్యం ఏంటంటే, రాత మీద నిలబడి మీరు దాడి చేశారో, రాత పోతుంది, కాల్చి రాసినా సరే. బెదిరి వెనక్కి తగ్గిన జంతువు వల్ల కూడా అది అప్పుడప్పుడు చెరిగిపోతుంది.

ఆరితేరినవాళ్ళకు దీనివల్ల పోయిందేమీ లేదు. వాళ్ళ దగ్గర ఇంకా పాతిక ఉపాయాలున్నాయి. నాలుగు పాయింట్ల ప్రాణంతో దుమ్ములో కూచున్నవాడే భయంతో చేతిలో ఉన్న చివరి బాకు విసిరాడు, గొడుగు ఎగిరిపోయింది. జబ్బు ఒకరిది, పత్యం ఇంకొకరికి.

అన్ని మార్పులూ చెడ్డవని నేను అనను. పుడ్డింగ్ సేద్యం అని ఒకటుండేది. నల్లటి ముద్దలాంటి జీవిని ఇనుప ఆయుధంతో కొడితే రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. అవి చచ్చేటప్పుడు వస్తువులు రాలుస్తాయి కాబట్టి గంటల తరబడి కోసుకుంటూ కూచునేవాళ్ళు. వానకు మొహం వాచిన మా సీమలో ఏ రైతైనా ఈ సేద్యం చూస్తే అక్కడే కూలబడతాడు. 3.6.0 ఆ ముద్దలు వస్తువులు రాల్చకుండా చేసింది. సంతోషం. ఆ పంట పండించినవాళ్ళలో కొత్తవాడు ఒక్కడూ లేడు, కాబట్టి పోయినదాంట్లో వాడి వాటా లేదు. డన్‌జన్ క్రాల్ స్టోన్ సూప్ వాళ్ళు 2021లో 0.26తో ఆకలినే తీసేశారు. తిండి వెతుక్కోని పాతాళం నాకు ఉప్పులేని కూరలాగా అనిపిస్తుంది, అయినా దాన్ని అన్యాయం అనలేను. ఆ పని ఎవరి గొడుగూ లాక్కోలేదు. నేను అడిగేది ఇంతే. ఒక మార్పు చేసేముందు అది ఎవరి చేతిలోంచి తీసుకుంటుందో చూడండి.

"అంతా అదృష్టమే కదా, ఇంక బ్యాలెన్స్ ఏముంది?" అనే రెండో రకం వాళ్ళున్నారు. వాళ్ళను మా దిక్కు ఒక తొలకరికి రమ్మంటా. వాన పడితే చాలు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి నడుస్తుంటారు, వజ్రాల కోసం. ఎక్కడెక్కడినుంచో వచ్చి రోజుల తరబడి నేల చూస్తారు. ఒకరికి దొరుకుతుంది, వందలమంది నడుం నొప్పితో ఇంటికి పోతారు. అదృష్టమంటే అది. నెట్‌హ్యాక్‌లో కోట దాకా చేరితే కోరికలు తీర్చే మంత్రదండం ఉండి తీరుతుంది, ప్రతి ఆటలోనూ. పాతాళం ఎంత తారుమారైనా ఆ దండం మాత్రం తప్పదు. వరసగా ఇరవైకి పైగా ఆటలు గెలిచినవాళ్ళున్నారు. అదృష్టం అన్నిసార్లు ఒకరి ఇంటికే రాదు.

మరి నెట్‌హ్యాక్‌లో కష్టం ఎక్కడుంది? తెలియడంలో ఉంది. కాకట్రీస్‌ను ఉత్త చేత్తో తాకితే రాయవుతావని, బరువెత్తుకుని మెట్లు దిగితే జారతావని, ఎప్పుడు మొక్కాలో ఎప్పుడు మొక్కకూడదో తెలిసి ఉండాలి. 2021లో నూరిప్స్ సదస్సు కోసం ఈ ఆట మీద కంప్యూటర్ ప్రోగ్రాములకు పోటీ పెట్టారు. ఒక్కటీ ఆట పూర్తిచేయలేదు. ఉన్నంతలో ముందు నిలిచింది, తనంతట తాను నేర్చుకున్న యంత్రం కాదు, మనుషులు తమకు తెలిసిన నియమాలు కూర్చి రాసిన ప్రోగ్రామ్.

ఇక్కడ నా పక్షం వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. "చదువుకోకుండా ఆడు, నీకు నువ్వే కనుక్కో, అదే మగతనం" అనే పెద్దమనుషులు. ఎల్బెరెత్ అనే మాట దేవనకొండ పిల్లోడు తనకు తానే ఎట్లా కనుక్కుంటాడప్పా? నేను ఈ ఆట మొదలుపెట్టినప్పుడు టోల్కీన్ ఎవరో నాకు తెలీదు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాణ్ణి, ఇంటర్నెట్ వారానికి ఒక గంట. (అన్నిటికంటే పెద్ద శత్రువు కరెంటు. మినోటార్ వచ్చేముందు చప్పుడన్నా అవుతుందేమో, కరెంటు చెప్పకుండా పోయేది.) నాకన్నా ముందు ఆడిన ఒకాయన చీటీ మీద పది వాక్యాలు రాసిచ్చాడు. ఆ చీటీ లేకపోతే ఈ వ్యాసం లేదు. ఆటలో అసలు తూకం తప్పింది వాల్కిరీకీ టూరిస్టుకూ మధ్య కాదు, చీటీ దొరికినవాడికీ దొరకనివాడికీ మధ్య. స్టోన్ సూప్ వాళ్ళు ఆటకు కావలసిందంతా ఆటలోనే చెప్పాలంటారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళ పక్కన నిలబడతా.

సాహిత్యం చదివేవాళ్ళకు ఈ తగువు కొత్తగా ఉండకూడదు. మన అలంకారికులు కవిత్వానికి పాకాలు చెప్పారు: ద్రాక్షాపాకం నోట్లో వేసుకుంటే కరుగుతుంది, కదళీపాకానికి తొక్క ఒలవాలి, నారికేళపాకానికి టెంకాయ కొట్టాలి. ద్రాక్షకు కాస్త పీచు కలిపి కొబ్బరికాయతో సమానం చేయండని ఎవరూ అర్జీ పెట్టుకోలేదు. అయినా మన సభల్లో మాత్రం టెంకాయ కొట్టినవాడు ద్రాక్ష తినేవాణ్ణి చూసి నవ్వుతూనే ఉంటాడు. వాడు మొదట తిన్నది కూడా ద్రాక్షే.

ఈ వేసవిలో ఊరికి పోయినప్పుడు మా అక్క కొడుక్కి ఆట చూపించా. పన్నెండేళ్ళు. టూరిస్టు బొమ్మ... బొమ్మ లేదు కదా, టూరిస్టు పేరు చూసి "మామా, ఇది ఎంచుకుంటా, కెమెరా ఉంది" అన్నాడు. వద్దని వాల్కిరీని ఇచ్చా. మూడో అంతస్తు దాకా బాగానే దిగాడు. ఒక గదిలో నీలం రంగు 'ఇ' అక్షరం కదలకుండా ఉంది. గాలిలో తేలే కన్ను. అది ఎవరినీ ఏమీ అనదు. దాన్ని కొట్టినవాడు మాత్రం కొయ్యబారిపోతాడు, ఆ తర్వాత దారిన పోయే ఎలుక కూడా వాణ్ణి కొరికి చంపుతుంది. ఈ ఆటలో కొత్తవాళ్ళు చచ్చే చావుల్లో పేరుమోసిన చావు అది. నా మిత్రుడు పక్కనుంటే నోరు మూసుకోమని సైగ చేసేవాడే, పిల్లోడు చచ్చి నేర్చుకుంటాడని.

వాడి వేలు మీట మీదికి పోయింది.

"దాన్ని కొట్టొద్దు రా" అన్నా.

"ఎందుకు మామా?"

చెప్పా.

"మరి దాన్ని ఏం చేయాల?"

"పక్కనుంచి పో. లేదంటే దూరంనుంచి బాకు విసురు."

వాడు రెండడుగులు వెనక్కి వేసి బాకు తీశాడు.